అట్ట మీద బంగారు దారం: సింగపూర్ ఆడపిల్లల సూదిపని చరిత్ర

సింగపూర్‌లోని ఆర్మీనియన్ వీధిలో, 1912 నాటి తావ్ నాన్ పాఠశాల భవనంలో, 2008లో పెరనాకన్ మ్యూజియం మొదలైంది. చైనా నుండి వచ్చిన వర్తకులు మలయా ద్వీపకల్పంలోనూ ఇండొనేషియా దీవులలోనూ స్థానిక స్త్రీలను పెళ్ళాడి స్థిరపడగా, కొన్ని తరాల కాలంలో మలయ్ మాటా చీనా ఆచారమూ కలగలిసిన ఒక సమాజం ఏర్పడింది. వారే పెరనాకన్ చీనీయులు. వారిలో మగవారిని బాబాలనీ, ఆడవారిని న్యోన్యాలనీ అంటారు. ఈ సమాజం వదిలి వెళ్ళిన వస్తువులలో పెళ్ళి సామగ్రికి ప్రత్యేక స్థానం ఉంది. వధూవరుల చెప్పులు, దిండ్ల చివరలకు కుట్టే పలకలు, పెళ్ళి మంచానికి వేలాడదీసే అలంకారాలు, నడికట్లు, చేతిసంచులు. ముదురు రంగు మఖమలు మీద ఫీనిక్స్ పక్షులు, పియొనీ పూలు, సీతాకోక చిలుకలు గుడ్డలోంచి లేచి నిలబడినట్టుగా బంగారు దారంతో మెరుస్తుంటాయి.

ఇటువంటి వస్తువులలో చాలావాటికి కాలం తెలుసు, ఊరు తెలుసు, ఏ వేడుకలో వాడేవారో తెలుసు. కుట్టిన మనిషి పేరు మాత్రం తెలియదు.

వీటి గురించి స్థిరపడిన కథ ఒకటుంది. పూర్వం ఆడపిల్లలకు ఓర్పు ఉండేది, వేళ్ళలో పనితనం ఉండేది, చదువులూ యంత్రాలూ వచ్చాక ఆ కళ అంతరించింది అన్నది ఆ కథ. అందులో సగం నిజం. మిగిలిన సగం తెలియాలంటే ఈ కుట్టు ఎవరు నేర్చుకున్నారు, ఎక్కడ నేర్చుకున్నారు, అందుకు ఖర్చయిన కాలం ఎవరిది అని అడగాలి. సింగపూర్ చరిత్రలో ఈ ప్రశ్నకు మూడు చోట్ల మూడు రకాల జవాబులు దొరుకుతాయి: ఇంటి లోపల, మిషనరీ బడిలో, యుద్ధకాలపు జైలులో.

పని తీరు

మలయ్ భాషలో ఈ పనిని తెకట్ అంటారు. తింబుల్ అంటే పైకి తేలడం. ఉబ్బెత్తుగా కనిపించే కుట్టు గనుక తెకట్ తింబుల్ అన్న పేరు వచ్చింది. మలయ్ రాజాస్థానాలలో, ముఖ్యంగా పెరాక్ రాష్ట్రంలోని కువాలా కాంగ్సార్‌లో, ఈ పనికి పేరుంది. పెరనాకన్ ఇళ్ళలో అదే పద్ధతి చీనా బొమ్మలతో కలిసి మరో రూపు తీసుకుంది.

ముందు ఒక మోటు గుడ్డను చెక్క చట్రానికి బిగించి, దాని మీద మఖమలు పరుస్తారు. బొమ్మను కాగితం మీద గీసి, దాని ప్రకారం అట్టను కత్తిరిస్తారు. మలయ్ పనిలో అట్టకు బదులు కొన్నిచోట్ల ఎండిన మొగలి జాతి ఆకులను వాడేవారు. రేకు, ఆకు, తోక ఈకలు దేనికది విడిగా కత్తిరించిన ఈ ముక్కలను మఖమలు మీద అమరుస్తారు. ఆ తరువాత బంగారు దారాన్ని అట్ట మీదుగా ఒక అంచు నుండి మరో అంచుకు పరిచి, ప్రతి అంచు దగ్గరా అడుగు నుండి వచ్చే మామూలు దారంతో చిన్న కుట్టు వేసి బిగిస్తారు. బంగారు దారం మళ్ళీ వెనక్కి తిరిగి మొదటి అంచుకు వస్తుంది. ఇలా అట్ట కనబడకుండా నిండేదాకా సాగుతుంది.

ఇందులో గమనించవలసిన విషయం, బంగారు దారం గుడ్డలోకి దిగదు. లోపల నూలు లేదా పట్టు పోగు, దాని చుట్టూ సన్నని లోహపు రేకు చుట్టిన దారమది. పదేపదే గుడ్డలోంచి లాగితే రేకు చిట్లిపోతుంది. పైగా వెనక వైపుకు పోయే దారమంతా ఖర్చే తప్ప కంటికి కనిపించదు. అందుచేత ఖరీదైన దారం పైనే ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే చవక దారం అడుగున ఉంటుంది.

కొత్తగా నేర్చుకునేవారికి కష్టమంతా అంచుల దగ్గరే. వరుసకూ వరుసకూ మధ్య సందు వస్తే అడుగున ఉన్న అట్ట బయటపడుతుంది. వరుసలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కితే కాంతి విరిగి, ఉపరితలం గరుకుగా తేలుతుంది. దారం ఎక్కువ లాగితే అట్ట అంచు నలుగుతుంది, వదులుగా వదిలితే తీగ లేచిపోతుంది. రేకు కొనల వంటి సన్నని చోట్ల ప్రతి మలుపూ కిందటి దానికంటే పొట్టిగా ఉండాలి. తప్పు జరిగితే విప్పి మళ్ళీ వేయడమూ సులువు కాదు, ఒకసారి మడతపడిన లోహపు దారం తిన్నగా రాదు. ఈ విషయాలు మాటలతో చెప్పినందువల్ల పెద్దగా ప్రయోజనం లేదు. పక్కన కూర్చొని చూసి, చేత్తో చేసి, చెడగొట్టి నేర్చుకోవలసినవి.

తెలుగువారికి దీనికి దగ్గరగా తెలిసినది జర్దోసీ, వాడుకలో మగ్గం పని. జర్ అంటే పర్షియన్‌లో బంగారం, దోజీ అంటే కుట్టడం. హైదరాబాదు కార్ఖానాలలోనూ గుడ్డను చట్రానికి బిగించి, పువ్వు ఉబ్బెత్తుగా రావలసిన చోట అడుగున నూలు పోగులతో మెత్త వేసి, దాని మీద లోహపు తీగలను పరుస్తారు. మాటలలోనూ ఒక పాత చుట్టరికం ఉంది. మలయ్‌లో పట్టును సుతెర అంటారు, అది సంస్కృత సూత్రం. పూసను మానిక్ అంటారు, అది మణి శబ్దం నుండి వచ్చినదే. న్యోన్యాల పూసల చెప్పులకు కసుత్ మానెక్ అని పేరు. 17వ శతాబ్దంలో మచిలీపట్నం, పులికాట్ రేవుల నుండి అద్దకపు గుడ్డలు ఈ దీవులకు భారీగా వెళ్ళేవి. దారమూ పూసా ఆ ప్రాంతపు భాషలో భారతీయమైన పేర్లతో ఉండడం వెనక అంతకంటే పాత రాకపోకలున్నాయి.

ఇల్లే బడి

19వ శతాబ్దంలో ఉన్నత కుటుంబాల న్యోన్యా పిల్ల ఈడేరాక ఇల్లు దాటి వెళ్ళడం అరుదు. వంట, సూదిపని ఆమెకు రెండు చదువులు. తల్లి, అమ్మమ్మ, మేనత్త గురువులు. పెళ్ళి నాటికి తాను తొడుక్కునే చెప్పులు, వరుడికిచ్చే చెప్పులు, అత్తవారింటి పెద్దలకు కానుకలు సిద్ధం కావాలి. సంప్రదాయపు పెరనాకన్ పెళ్ళి పన్నెండు రోజులు సాగేది, ఆ రోజులన్నిటా ఈ పనితనం నలుగురి కళ్ళ ముందు ఉండేది. వరుసలు తిన్నగా ఉన్నాయా లేదా అన్నది చూసి పిల్ల ఓర్పునూ క్రమశిక్షణనూ అంచనా వేసేవారని చెప్పుకుంటారు. కుట్టు ఒక విధంగా పెళ్ళిచూపుల పరీక్షాపత్రం.

అయితే మిగిలిన వస్తువులన్నీ పెళ్ళికూతుళ్ళే కుట్టారనుకోవడం పొరపాటు. చైనాలోని వృత్తి పనివారి దగ్గర తయారై వచ్చినవి ఉన్నాయి, సింగపూర్‌లో డబ్బుకు కుట్టించుకున్నవి ఉన్నాయి. చిన్న గాజుపూసలు యూరప్ నుండి దిగుమతి అయ్యేవి. పూసల పనిలోని గులాబీలు, కుక్కపిల్లలు జర్మనీలో అచ్చయిన గళ్ళ నమూనాల నుండి వచ్చాయి. హో వింగ్ మెంగ్ 1987లో సేకర్తల కోసం రాసిన పుస్తకం ఈ పనిని ఒక ప్రత్యేక రంగంగా పరిచయం చేస్తే, 2010లో చియా హ్వే-ఫెన్ తన 'ఫీనిక్స్ రైజింగ్' గ్రంథంలో న్యోన్యా పూసల పని చుట్టూ అల్లుకున్న కథనాలనే పరిశీలనకు తీసుకున్నారు. ఇంటి నాలుగు గోడల మధ్య పుట్టిందని అనుకునే ఈ కళలో ప్రపంచ వాణిజ్యం మొదటినుంచీ ఉంది.

ఆ వాణిజ్యంలో దారానికి ధర ఉంది, పూసకు ధర ఉంది, మఖమలుకు ధర ఉంది. ధర లేనిది పిల్ల కాలానికి మాత్రమే. ఓర్పు అన్న మాట ఆ లెక్కను కనబడకుండా చేసింది.

బడిలో సూది

సింగపూర్‌లో ఆడపిల్లల చదువు కూడా సూదితోనే మొదలైంది. 1842లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన మరియా డయర్ ఒక చిన్న బడి తెరిచారు. పేద ఇళ్ళ నుండి పనిపిల్లలుగా అమ్ముడుపోతున్న చీనా బాలికలకు ఆశ్రయం ఇవ్వడం దాని మొదటి ఉద్దేశం. నేటి సెయింట్ మార్గరెట్స్ పాఠశాలకు మూలం అదే. 1853లో వచ్చిన సోఫియా కుక్ నాలుగు దశాబ్దాల పాటు దాన్ని నడిపారు. 1854లో ఫ్రెంచి సన్యాసినులు మదర్ మతిల్ద్ నాయకత్వంలో విక్టోరియా వీధిలో కాన్వెంటు ప్రారంభించారు. అక్కడ అనాథ పిల్లలకు కుట్టుపని నేర్పేవారు, వారు కుట్టినవి అమ్మితే వచ్చే సొమ్ము కాన్వెంటు ఖర్చులకు సాయపడేది. 1887లో ఆస్ట్రేలియా నుండి వచ్చిన సోఫియా బ్లాక్‌మోర్ తొమ్మిది మంది తమిళ బాలికలతో తమిళ్ గర్ల్స్ స్కూల్ తెరిచారు. అదే నేటి మెథడిస్ట్ గర్ల్స్ స్కూల్.

బాబా సమాజంలోనే సంస్కర్తలు తలెత్తారు. డాక్టర్ లిమ్ బూన్ కెంగ్, న్యాయవాది సాంగ్ ఓంగ్ సియాంగ్ 1897 నుండి నడిపిన ఆంగ్ల పత్రికలో స్త్రీవిద్య గురించి వాదించారు. 1899లో సింగపూర్ చైనీస్ గర్ల్స్ స్కూల్ స్థాపించారు. ఆడపిల్ల చదివితే ఇంటికి పనికిరాదేమో అన్న భయం తల్లిదండ్రులలో ఉన్న రోజులవి. మొదటి పాఠ్యప్రణాళికలో భాషతో పాటు కుట్టూ వంటా కూడా ఉండటంలో ఆశ్చర్యం లేదు. పలకను ఇంట్లోకి రానిచ్చే ముందు తల్లిదండ్రులకు సూది కనబడాలి.

బడిలో నేర్పిన కుట్టు మాత్రం ఇంటి కుట్టు కాదు. యూరపు తరహా తెల్లగుడ్డ మీద కుట్లు, లేసు, బట్టలు కుట్టడం ఎక్కువ. అట్ట మీద బంగారు దారం ఇంటి విద్యగానే ఉండిపోయింది. బడికి వెళ్ళే పిల్లకు ఇంట్లో చట్రం ముందు కూర్చునే గంటలు తగ్గాయి. ఈ కుట్టు క్షీణతలో మొదటి మెట్టు ఇదే. దీనిని నష్టంగా మాత్రమే చూడటం కష్టం, ఎందుకంటే ఆ గంటలలోనే ఒక తరం చదవడమూ రాయడమూ నేర్చుకుంది.

గోదావరి డెల్టాలో ఇదే లెక్క

ఇదే కాలంలో, ఇదే మిషనరీ ఉద్యమం ద్వారా, పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం పరిసరాలకు లేసు అల్లిక వచ్చింది. మొదట పేద క్రైస్తవ స్త్రీలకు జీవనాధారంగా నేర్పినది క్రమంగా ఇతర కులాల ఇళ్ళలోకీ పాకింది. బయట పనికి వెళ్ళడం పరువు తక్కువ అనుకునే కాపు కుటుంబాల స్త్రీలు ఇంట్లో కూర్చొని లేసు అల్లారు. వర్తకులు, ఎగుమతిదారులు మగవారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' ఈ ఏర్పాటును వివరంగా పరిశీలించింది. రోజూ గంటల తరబడి ప్రపంచ మార్కెట్టు కోసం పనిచేస్తున్న స్త్రీని ఆమె కుటుంబమూ, వర్తకుడూ, చివరకు ఆమె కూడా గృహిణిగానే లెక్కించడం వల్ల, ఆ పని తీరుబాటు వేళల కాలక్షేపంగా మారి కూలి అడుగంటిందని మీస్ నిర్ధారణ.

నరసాపురం లేసుకీ న్యోన్యా చెప్పుకీ తేడాలు చాలా ఉన్నాయి. ఒకటి పేదరికంలోంచి మార్కెట్టుకు పోయింది, రెండవది సంపన్నుల ఇంట పెళ్ళికి పోయింది. అయినా రెండింటా గడప లోపల గడిచిన కాలానికి పని అన్న పేరు దక్కలేదు. హైదరాబాదు జర్దోసీ కార్ఖానాలతో పోలిస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. అక్కడ చట్రం చుట్టూ కూర్చున్నవారు ఎక్కువగా మగ కార్మికులు. కూలి తక్కువే కావచ్చు, అయినా దానిని వృత్తి అన్నారు, కార్మికుణ్ణి కారీగర్ అని పిలిచారు. అదే నేర్పు ఇంటి లోపల ఆడపిల్ల చేతిలో ఉన్నప్పుడు సుగుణం అన్నారు.

యంత్రం, మాంద్యం

20వ శతాబ్దం తొలి దశాబ్దాలలో సింగర్ కుట్టుమిషను న్యోన్యాల ఇళ్ళలోకి వచ్చింది. పల్చని గుడ్డతో కుట్టిన కెబాయా రవికెల అంచుల మీద పువ్వులూ కన్నాలూ మిషను మీదే కుట్టడం ఒక కొత్త కళగా పెరిగింది. ఇది చేతిపనిని చంపిన యంత్రం అనడం సరికాదు, ఎందుకంటే ఆ మిషను పనికీ కాలి తొక్కుడూ చేతి కదలికా కలిసి నడిచే కఠినమైన సాధన కావాలి. కానీ దాని దారి వేరు. లోహపు దారాన్ని అట్ట మీద పరిచే పనిని అది చేయలేదు, చేయబోలేదు.

1930ల ఆర్థిక మాంద్యంతో రబ్బరు మీద బతికిన సంపన్న కుటుంబాలు దెబ్బతిన్నాయి. పన్నెండు రోజుల పెళ్ళిళ్ళు కుదించుకుపోయాయి. వేడుక లేనప్పుడు సామగ్రికి అవసరం లేదు, సామగ్రి అవసరం లేనప్పుడు పిల్లకు నేర్పడానికి కారణం లేదు. ఆ తరువాత యుద్ధం వచ్చింది.

చాంగీ, 1942

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాను సైన్యానికి లొంగిపోయింది. యూరోపియన్ పౌరులను చాంగీ జైలులో నిర్బంధించారు. 1936లో ఆరువందల మంది ఖైదీల కోసం కట్టిన ఆ జైలులోకి వేల మందిని నెట్టారు. స్త్రీలూ పిల్లలూ కలిసి సుమారు నాలుగు వందల మంది మార్చి నెలలో అక్కడికి నడిచి వెళ్ళారు. భర్తలు అదే జైలు మరో భాగంలోనో, సమీపంలోని సైనిక శిబిరాలలోనో ఉన్నారు. ఉత్తరాలు రాయడానికి వీలు లేదు. ఎవరు బతికి ఉన్నారో ఎవరికీ తెలియదు.

భారత సైనిక వైద్య సేవలో నర్సుగా పనిచేసిన ఎలిజబెత్ ఎన్నిస్ జైలులోని బాలికలతో గర్ల్ గైడ్స్ దళం నడిపారు. దొరికిన గుడ్డ పీలికలను ఆరుకోణాల ముక్కలుగా కత్తిరించి, పాత బట్టల నుండి దారం లాగి, ఆ పిల్లలు ఆమె పుట్టినరోజు కానుకగా ఒక బొంత కుట్టడం మొదలుపెట్టారు. దాని మీద తమ పేర్లు కుట్టారు. అది ఇప్పుడు లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది.

కెనడాకు చెందిన రెడ్‌క్రాస్ ప్రతినిధి ఎథెల్ మల్వానీ ఇదే ఆలోచనను స్త్రీలందరికీ విస్తరించారు. ఒక్కొక్కరికీ ఆరంగుళాల తెల్లగుడ్డ చదరం ఇచ్చి, తనకు సంబంధించినదేదైనా దాని మీద కుట్టమన్నారు. గాయపడిన సైనికులకు కానుక అన్నది పైకి చెప్పిన కారణం. అలా తయారైన బొంతలు మూడు మిగిలాయి: బ్రిటిష్, ఆస్ట్రేలియన్, జపనీస్ సైనికుల పేరిట ఒక్కొక్కటి. ఒక్కొక్క దానిలో 66 చదరాలు. పువ్వులు, ఇంటి దారులు, జైలు గోడలు, కార్టూను బొమ్మలు. వాటితో పాటు చాలా చదరాలలో కుట్టిన స్త్రీ పేరు. బొంత ఆసుపత్రికి చేరితే, ఆ పేరు భర్త కంట పడితే, ఆమె బతికి ఉందని తెలుస్తుంది. జపాను వారికని చేసిన బొంతను కూడా ఇస్తేనే మిగిలినవి బయటికి పోతాయన్న లెక్క కూడా ఇందులో ఉంది. మూడింటిలో రెండు నేడు ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్‌లో ఉన్నాయి, ఒకటి బ్రిటిష్ రెడ్‌క్రాస్ దగ్గర ఉంది.

ఈ చదరాలలో బంగారు దారం లేదు, మఖమలు లేదు. పనితనంలో కొన్ని చక్కగా, కొన్ని తడబడుతూ ఉన్నాయి. కానీ ఎవరు కుట్టారో తెలుసు. పెరనాకన్ పెళ్ళి సామగ్రిలో అత్యున్నతమైన నేర్పు పేరు లేకుండా మిగిలితే, జైలు బొంతలో సామాన్యమైన నేర్పు పేరుతో మిగిలింది. పరీక్షకు కూర్చున్న పిల్లకు తన పేరు రాసే అవసరం కనబడలేదు, ఆమె ఎవరి కూతురో వచ్చినవారందరికీ తెలుసు. బతికి ఉన్నానని చెప్పవలసి వచ్చిన స్త్రీకి పేరే సందేశం.

ఇప్పుడు

యుద్ధం తరువాత స్వతంత్ర సింగపూర్‌లో ఆడపిల్లలు చదువులలోకీ ఉద్యోగాలలోకీ వచ్చారు. చట్రం ముందు కూర్చోబెట్టే కారణాలు ఒక్కొక్కటిగా పోయాయి. 2008 చివరలో 'ద లిటిల్ న్యోన్యా' అనే టీవీ ధారావాహిక వచ్చి ఆ పాత జీవితం మీద ఆసక్తిని మళ్ళీ రేపింది. పెరనాకన్ మ్యూజియం 2016లో న్యోన్యాల సూదిపని మీద ఒక పెద్ద ప్రదర్శన పెట్టింది. మరమ్మతుల తరువాత 2023లో తిరిగి తెరుచుకుంది. 2024 డిసెంబరులో కెబాయాను బ్రూనై, ఇండొనేషియా, మలేషియా, సింగపూర్, థాయిలాండ్‌ల ఉమ్మడి వారసత్వంగా యునెస్కో గుర్తించింది. కాటాంగ్, జూ చియాట్ ప్రాంతాలలో పూసల చెప్పులు కుట్టడం నేర్పే తరగతులు నడిచాయి.

అట్ట మీద బంగారు దారం వేయగలిగినవారు మాత్రం తక్కువ. అందులో నేర్చుకోవలసినదంతా పక్కన కూర్చొని చూస్తేనే వచ్చేది. మ్యూజియం అద్దం వెనక నుండి పై దారమే కనిపిస్తుంది. ఎంత అట్ట, ఏ మందం, అడుగు కుట్టు ఎంత దూరానికొకటి అన్నది వెనక వైపు తిప్పి చూసిన సంరక్షకులకే తెలుస్తుంది. చట్రం ముందు మళ్ళీ ఎవరో కూర్చుంటే తప్ప ఆ జ్ఞానం మరొకరి వేళ్ళలోకి దిగదు.

ఈనాడు అలా కూర్చునేవారి స్థితి వేరు. ఎవరి పరీక్ష కోసమూ కాక తమ ఇష్టం కొద్దీ, తమ సంపాదనతో, తమకు వీలైన వేళ వారు నేర్చుకుంటారు. అందువల్ల పాత న్యోన్యాల గంటలు వారికి దొరకవు, ఆ స్థాయి పనితనం ఒకటి రెండేళ్ళలో రాదు. ఈ నష్టాన్ని ఒప్పుకుంటూనే, ఆ గంటలు ఎక్కడి నుండి వచ్చాయో మరిచిపోకుండా ఉండటం చరిత్ర పట్ల న్యాయం.

హైదరాబాదు నుండి సింగపూర్‌కూ, న్యూజెర్సీకీ, మెల్బోర్న్‌కూ పెళ్ళి రవికెలు ఇప్పటికీ మగ్గం పనితో వెళ్తున్నాయి. ఆల్బమ్‌లో పెళ్ళికూతురి పేరు ఉంటుంది, బిల్లు మీద దుకాణం పేరు ఉంటుంది. భుజం మీది ఉబ్బెత్తు నెమలిని కుట్టింది ఎవరో, ఎన్ని రోజులు పట్టిందో, ఆ రోజులకు ఎంత దక్కిందో అడిగితే చెప్పగలిగినవారు ఇంకా ఉన్నారు. న్యోన్యా చెప్పుల విషయంలో ఆ ప్రశ్న అడగడానికి ఆలస్యమైంది.